తాంబూలంలో వెళ్లిపోయిన గ్రీకు నాణెం

నాలాంటి పొరపాటు మరొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మేము అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో ఉంటాం. మా వీధిలో ఉండే రిటైర్డ్ డాక్టర్ మూర్తి అంకుల్ దగ్గర అలెగ్జాండర్ కాలంనాటి గ్రీకు బంగారు నాణెం ఉంది. దాని మీద రెక్కల విజయదేవత ఉంటుందని, దండయాత్రల్లో సైనికుల జీతాలకు అలాంటివి ముద్రించేవారని లైబ్రరీలో చదివి ఆయనకు చెప్పాను. మురిసిపోయి, వరలక్ష్మీ వ్రతంలో పెట్టుకోమని నాణెం నా చేతికిచ్చారు.

పేరంటాళ్లు వెళ్లిపోయాక చూస్తే అమ్మవారి ముందు నాణెం పెట్టిన పళ్లెం ఖాళీ. తాంబూలాల్లో వేయడానికి తెచ్చిన బంగారు రంగు డాలర్ బిళ్లలు కూడా అందులోనే పెట్టాను.

“సంచికొకటి వేసెయ్యమన్నావుగా!” అన్నారు మా ఆయన రవి.

ఇరవై మూడు శతాబ్దాలు నిలిచినదాన్ని ఒక్క పూటలో పోగొట్టాను. అంకుల్‌కి ముఖం ఎలా చూపించను? అందరికీ ఫోన్లు మొదలుపెట్టాం. ఎనిమిది మంది లేదన్నారు. తొమ్మిదో ఆమె సునీత.

“ఆ చిన్న బిళ్లా అక్కా? ఇందాకే పార్కింగ్ మీటర్‌లో వేశా.”

“మీటర్‌లోనా?” అంటూనే ఏడ్చేశాను.

“మీటర్ తీసుకుంటేగా! బయటికి తోసేసింది. కార్‌లోనే ఉంది. ఏం, ఏడుస్తున్నావా?”

ఆ సాయంత్రమే నాణెం తిరిగిచ్చి, అంకుల్‌కి జరిగిందంతా దాచకుండా చెప్పాను. దాని చరిత్రంతా చదివిన నాకు, దాన్ని ఎక్కడ పెట్టకూడదో మాత్రం తెలియలేదు. నాతోపాటు ఫోన్లు చేసిన రవికి, బిళ్లను పారేయని సునీతకి, ఒక్క మాటా అనని మూర్తి అంకుల్‌కి నా కృతజ్ఞతలు.