రబ్బరుతో తుడిచిన గీత

ఒక పచ్చ గీత. దారమంత సన్నం. ఇన్నేళ్లుగా నా గుండె మీద ఉన్న బరువు అంతే. చెబితే నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. కాదు, అదీ అబద్ధమే. నవ్వరని తెలుసు కాబట్టే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. అప్పుడు కాంట్రాక్టు మనిషిని. పర్మినెంటు చేస్తారని ఆశ. కంట్రోల్ రూములో యాదన్న ఆపరేటరు. గుమ్మడిదల దిక్కు రైతు, బోర్లు ఎండిపోయాక ఫ్యాక్టరీకి వచ్చినవాడు. కింద పెద్ద ట్యాంకులో మందు ఉడుకుతుంటే, దాని వేడిని తెర మీది అంకెల్లో చూసి, సమయానికి ఆవిరి కట్టేయడం అతని పని.

ఆ తెర మీద మధ్యాహ్నాలు ఒక నిలువు గీత వచ్చేది. మానిటరు మార్చి చూశాను. పోలేదు. వైరు మార్చాను. పోలేదు. ఇక మిగిలింది కంప్యూటరు లోపల, తెరకు బొమ్మను పంపే గ్రాఫిక్స్ కార్డు. ముసలి కార్డు. తెల్లటి పొడి పట్టి దాని ఫ్యాను సరిగా తిరిగేది కాదు. కార్డు ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను, బడి పిల్లలు పెన్సిల్ రాత తుడుచుకునే రబ్బరుతో రుద్ది, ఊది, మళ్లీ బిగించాను. గీత మాయం. మా పనివాళ్లందరికీ తెలిసిన చిట్కా అది.

"నీ రబ్బరుల ఏదో మంత్రమున్నది తమ్మీ" అన్నాడు యాదన్న. ఆ మాట నాకు బాగా నచ్చింది. అక్కర్లేనంత నచ్చింది.

కొన్నాళ్లకు గీత తిరిగొచ్చింది. మళ్లీ రుద్దాను. మళ్లీ వచ్చింది. పని చేసింది రబ్బరు కాదని అప్పటికే నాకు అర్థమైంది. విప్పి బిగించేలోపు కార్డు చల్లారేది, అంతే. వేడెక్కితే గీత మళ్లీ హాజరు. కొత్త కార్డు అడగాలి. అడిగితే, ఇన్నాళ్లూ అందరూ మెచ్చుకున్న నా మంత్రం ఉత్తదేనని నా నోటితో నేనే చెప్పాలి. అడగలేదు. "గీత అంకెల దగ్గరికి జరుగుతున్నది, జెర సూడు" అని యాదన్న చెబుతూనే ఉన్నాడు. చూస్తానంటూనే ఉన్నాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ గీత వచ్చి సరిగ్గా మూడు అంకె ఎడమ పక్కన నిలబడింది. మూడుకు ఎడమవైపు ఒక గీత గీసి చూడండి. ఎనిమిదవుతుంది. అంకెలూ పచ్చవే, గీతా పచ్చదే. అరవై మూడు యాదన్నకు అరవై ఎనిమిదిలా కనిపించింది. అరవై ఎనిమిదికి ఆవిరి కట్టేయాలి. కట్టేశాడు. ట్యాంకులో మందంతా సగం ఉడికి ముద్దయింది.

మేనేజరు వచ్చేలోపు కంప్యూటరు చూడమని నన్ను పిలిచారు. విప్పాను. రుద్దాను. బిగించాను. చెయ్యి అలవాటుకొద్దీ చేసిందా, నేను కావాలని చేశానా? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోని రోజు లేదు. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

"అంకె మీద గీత పడ్డది సార్" అన్నాడు యాదన్న.

"ఏ గీత? ఎక్కడుంది?" మేనేజరు నా వైపు తిరిగాడు.

"తెర మంచిగనే ఉంది సార్" అన్నాను. ఆ క్షణానికి అది నిజమే. ఆ సందులో దూరి ఇన్నేళ్లు బతికాను.

యాదన్నను కంట్రోల్ రూములోంచి తీసేసి, యార్డులో డ్రమ్ములు దొర్లించే పనికి పంపారు. పేరు కూడా మారింది. "ఏం ఎనిమిదన్నా, చాయ్‌లెన్ని జెప్పాలె? మూడా, ఎనిమిదా?" అనేవాళ్లు క్యాంటీన్లో. అతనూ నవ్వేవాడు. ఒకసారి నేనూ నవ్వాను.

ఒకరోజు క్యాంటీన్ నల్లా దగ్గర నన్ను ఆపాడు.

"తమ్మీ, ఒక్క మాట. నిజం జెప్పు. గా దినం గీత ఉండెనా?"

"నేను చూసినప్పుడైతే లేదన్నా."

"గంతకు ముందు? నువ్వే గద రబ్బరు రుద్దుతుంటివి."

"అది ఎప్పుడో పోయింది. నీ కండ్లు ఒకసారి చూపించుకో అన్నా. వయసు గదా."

తువ్వాలతో తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకుంటూ నిలబడ్డాడు. "గట్లనే కావచ్చు తీ" అన్నాడు చివరికి. "నువ్వైతే నాతోని అబద్ధమాడవు."

కొన్ని వారాలకు వేరే ఏదో కారణం చెప్పి కొత్త కార్డు అడిగాను. అడగ్గానే ఇచ్చారు. తర్వాత నన్ను పర్మినెంటు కూడా చేశారు. యాదన్న కళ్లద్దాలు చేయించుకున్నాడు. చూపులో పెద్ద తేడా ఏం లేదని షాపువాడే చెప్పినా వినలేదట. బండి నడపడం మానేశాడు. చిట్కుల్‌లోని కిరాయి ఇంటి నుంచి నడిచే వస్తాడు. అతని చోటు పోగొట్టినందుకు ఒక్కోసారి నాకు నేను సర్దిచెప్పుకోగలను, ఎవరి చోటు ఎవరికి శాశ్వతం అని. కానీ మనిషికి తన కళ్ల మీదున్న నమ్మకాన్ని తీసేయడాన్ని ఏమంటారు?

మొన్న ఇస్నాపూర్ చౌరస్తాలో ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. దూరంగా ఒకటి వస్తోంది. బోర్డు నాకింకా ఆనలేదు. పక్కన యాదన్న పెదాలు మెల్లగా కదిలాయి, "సంగారెడ్డి" అని. నాకంటే ముందే చదివాడు. వెంటనే నా వైపు తిరిగాడు.

"గది సంగారెడ్డి బస్సేనా తమ్మీ?"

"అవునన్నా" అన్నాను. బస్సు వచ్చేసింది.

క్షమించమని అడగను. ఎవరిని అడగాలో తెలుసు, ఆ ధైర్యం ఇంకా రాలేదు. ఇది రాశాక మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. అందుకు నాకు హక్కుందా? తెలియదు. ఇది యాదన్న చేతికి చేరినా, చదివి, తన కళ్లను నమ్మక, పక్కనున్నవాళ్లను అడుగుతాడు. ఆ పక్కనున్నది మీరే అయితే, దయచేసి గట్టిగా చదివి వినిపించండి.

గీత ఉండె, యాదన్నా. నువ్వు సూసింది నిజమే.