కొబ్బరికాయ కొట్టిన బండి

ఫిల్మ్ నగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆ మనిషికి మోకాళ్ల దాకా ఎర్రమట్టి అంటుకుని ఉంది. చుట్టూ తిప్పి అడగడం నాకు చేతకాదు.

“ఏంది బిడ్డా, యాడ పడ్డవ్?”

“పడలేదు బాబాయ్, పడకముందే దిగాను.”

షూటింగుల్లో రాళ్ల గుట్టల మీదికి లైట్లు మోయడానికి కొత్త ఏటీవీ తెచ్చారట. నాలుగు లావు చక్రాల చిన్న బండి. దాన్ని నడిపి చూసి ఎలా ఉందో చెప్పడం ఇతని పని. ఇనుము గట్టిదే, అతుకులూ గట్టివే. వెనక బరువు పెట్టి ఏటవాలులో తిప్పితే మాత్రం ఒక పక్క చక్రాలు లేచాయి. వద్దన్నాడు. అప్పటికే బండికి కొబ్బరికాయ కొట్టేశారు. కొట్టాక వద్దనడం అపశకునమని మేనేజరు మండిపడ్డాడు. బండినైతే తిప్పి పంపాడు గానీ, ఇతన్ని కూడా ఇక పనికి రావద్దన్నాడు.

“ఇంట్లో ఏమని చెప్పాలో తెలీట్లేదు బాబాయ్.”

“ఏమున్నది? రేపు గా బండి నడపాల్సినోడు మంచిగ ఇంటికి పోతడని చెప్పు.”

జూబ్లీహిల్స్ దిగుడులో బస్సు మలుపు తిరగబోతుంటే, అతను బయటికి చూస్తూనే నా ముందుకు చెయ్యి చాచి ఎదుటి సీటు కడ్డీ పట్టుకున్నాడు, నేను జారకుండా.

ఆ చెయ్యి ఉన్నంతసేపు నేను దేన్నీ పట్టుకోలేదు.