అవసరం లేదన్న మాట

నొప్పి తగ్గించే స్ప్రే ఘాటు ముక్కుకు తగిలితే ఈనాటికీ నా తల వంగిపోతుంది. తుడియలూరు వాలీబాల్ కోర్టులో ఏ ఆటగాడో మోకాలికి అది కొట్టుకుంటాడు, నాకు మా మేనేజర్ రాజగోపాల్ నాయుడు గారు గుర్తొస్తారు. పంపుల వర్క్‌షాపులో గుమస్తాగా చేరి, కార్మికుల సాయంత్రపు వాలీబాల్‌ను ప్రొఫెషనల్ లీగు దాకా మోసుకొచ్చిన మనిషి. నేను ఆయన సహాయకుణ్ణి. ఇద్దరివీ తరతరాలుగా కోయంబత్తూరులో పాతుకుపోయిన తెలుగు ఇళ్ళే. చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడింది తెలుగు. అదే మాకు పెద్ద గొప్ప.

ఆ గొప్పతోనే విజయనగరం వైపు నుంచి సింహాచలం అనే ఆటగాణ్ణి తెచ్చారు. "మనోడుడా. మన బాసలో మాట్లాడితే మనసు ఇప్పి ఆడతాడు, సూడు," అన్నారు నాతో. అలాగే ఆడాడు కూడా. సీజను మధ్యలో అతని మోకాలు దెబ్బతింది. కట్టుతోనే కోర్టులోకి దిగుతానని తొందరపడుతుంటే నాయుడు గారు భుజం తట్టారు. "అవసరం లేదు తంబీ. ఇంటికి పోయి ఉండు."

తమిళంలో లాగే మా ఇళ్ళలోనూ అవసరమంటే తొందర. తొందరేమీ లేదు, నయం చేసుకుని రమ్మన్నారాయన. మర్నాటికి సింహాచలం గది ఖాళీ. నాయుడు గారు ఫోన్ చేస్తే ఏడ్చాడు.

"మీరే కద సార్ అవసరం లేదన్నారు! ఇంకా పట్టుకు యేలాడితే నాకు సిగ్గుండదేటి? వేరే జట్టుకి మాటిచ్చేశాను."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. పాపం, ఆయన నోరైనా జారలేదు.

ఒప్పందం తప్పాడని సింహాచలాన్ని లీగు నుంచే తప్పించాలని మా జట్టు యజమానులు పట్టుబట్టారు. ఆట పోతే అతనికి బతుకే లేదు. నాయుడు గారు లేచి నిలబడ్డారు. "తప్పు వాడిది కాదు. నాకి తెలుగు రాదు."

యజమానులూ మావాళ్ళే. "నాయుడికి తెలుగు రాదంటప్పా!" అని పగలబడి నవ్వారు. వాళ్ళ ఇళ్ళలోనూ అవసరమంటే తొందరేనని నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను. సింహాచలాన్ని శిక్షించకుండా వదిలేశారు. సీజను ముగిశాక నాయుడు గారిని తీసేశారు.

వెళ్ళే రోజు ఆయనన్నారు: "నేను సెప్పింది నాకి తెలుసు. వాడు ఇన్నది ఏందో అడగలా. అదేడా సిగ్గు."

ఇప్పుడు ఆ పదవిలో నేనున్నాను. ఏం చెప్పినా, "నేనేమన్నానో చెప్పు," అని అడుగుతాను. ఆటగాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. మొన్న చీలమండ బెణికిన ఒకడికి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమని చెప్పి, అలాగే అడిగాను. వాడు నేల చూపులు చూస్తూ, "ఇంక రావద్దన్నారు సార్," అన్నాడు.

పక్కన కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.