మూడో కప్పు తాగని దర్జీ

"మా జాతంతా కొంపలు కాల్చేదేనని ఫోన్లో రాశావట. మరి నీకు కాఫీ పోస్తున్న నేనెవర్ని, అన్నా?" అని మా పొరుగింటి ఓబ్సే నిలదీసింది. "నువ్వు కాదులే తల్లీ, మీవాళ్లు," అన్నాడు దర్జీ దెమిస్సే, తల ఎత్తకుండానే.

మా అడామా ఊళ్లో జాతుల మధ్య అల్లర్లప్పుడు అతని కొట్టునీ నాలుగు కుట్టుమిషన్లనీ ఎవరో తగలబెట్టారు. ఒక్కడూ పట్టుబడలేదు. అప్పటినుంచి సూదిపోట్లకు గట్టిపడిన అతని బొటనవేలు పొద్దస్తమానం ఫోన్లో ఓబ్సేవాళ్ల జాతి మీద విషం కక్కుతోంది. మా ఇళ్లలో కాఫీ మూడుసార్లు పోస్తారు, మూడోది దీవెన. అతను మాత్రం రెండు కప్పులు తాగి లేచిపోతాడు. ఈరోజూ అలాగే లేచి, అక్కడే కాఫీకి వచ్చిన నా భుజం వాకిట్లో పట్టుకున్నాడు.

"కాలేజీ మానేసి ఫోన్లతోనే బతుకుతున్నావు కదరా! నిప్పు పెట్టినవాడి పేరు వెతికిపెట్టు. వాడి సంగతి నేను చూసుకుంటాను. వాడొక్కడు దొరికితే మిగతావాళ్ల మీద ఒక్క ముక్క రాయను."