కుంకుడు రసంలో కొండలోయ

1961 మే నెల. గూడూరులో నా ఫోటో స్టూడియో. ఆ ఎండలకు గోడమీది బల్లులు కూడా నా కెమెరా నల్లగుడ్డలోకి దూరి తలదాచుకునేవి. అబద్ధమనుకుంటే బల్లుల్నే అడగండి.

ఒకరోజు పొద్దున్నే చర్చి పాస్టరు దేవసహాయం అయ్యగారు తడిగుడ్డలో చుట్టిన గాజుపలకతో వచ్చారు. పాతకాలపు గ్లాస్ నెగెటివ్. అందులో బొమ్మ, గాజుమీద ఎమల్షన్ అనే పల్చటి జిగురుపొరలో ఉంటుంది. ఉదయగిరి కొండల నడుమ లోయను వెనకటి మిషనరీ దొర ఒకాయన తీసినది. ఆయన కూతురు దొరసానమ్మ శాశ్వతంగా మనదేశం వదిలిపోతూ, నాన్న తీసిన ఆ లోయ ప్రింటు ఒక్కటి అడిగింది. మధ్యాహ్నమే మద్రాసు రైలు. వేరే కాపీ లేదు.

గుడ్డ విప్పితే పొర పాలమీగడలా ముడతలు పడి జారుతోంది. హనుమంతుడి తర్వాత కొండల్ని కదిలించినవాడు మా అయ్యగారే!

“దీన్నేం చేసినారయ్యగారూ?”

“ఏమీ చేయలేదు నాయనా. దానంతటదే.”

“దానంతటదే కుంకుడుకాయ వాసనేస్తుందా? నిజం చెప్పకపోతే ఏ మందు వేయాలో తెలీదు. తప్పు మందు పడితే లోయంతా తొట్లో కలిసిపోతుంది.”

ఆయన పైకప్పుకేసి చూశారు. ప్రార్థనేమో అనుకున్నా.

“బూజు పట్టి ఉంటే, శుభ్రంగా ఇద్దామని... మా ఇంటామె కాచిన వేణ్ణీళ్లలో కుంకుడు రసం పోసి రుద్దినాను.”

“నెగెటివుకు తలంటినారా!”

“నవ్వబాక నాయనా. ఆ తల్లికి ఏ మొహం చూపించేది?”

వేడికి పొర కరుగుతోందన్నమాట. మందు తెలిసిపోయింది: చల్లదనం, పటిక. పటిక పొరను గట్టిపరుస్తుంది. స్టేషనుకు పరిగెత్తి, మద్రాసు పోయే చేపలపెట్టెల దగ్గర హమాలీని బతిమాలి ఐసు తెచ్చాను. బయల్దేరేటప్పుడు హిమాలయమంత, స్టూడియో చేరేసరికి గుమ్మడికాయంత. దానిమీద పటికనీళ్ల ట్రే పెట్టి, చల్లబడ్డాక పలకను దించాను. అయ్యగారు ఊపిరి బిగబట్టారు. ముడతలు మెల్లగా అణిగి, కొండలు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఒక్క ముడత మాత్రం మొండికేసింది. ఆరబెట్టి ప్రింటు తీశాను.

రైలుకు ముందు దొరసానమ్మ స్టూడియోకు వచ్చింది. ఆమె పుట్టిపెరిగింది ఆ కొండల్లోనే. ప్రింటు చూసి కళ్లు తుడుచుకుంది. అంతలో ముడత దగ్గర వేలు ఆగింది. “అయ్యగారూ, ఇక్కడ మనకు వాగు లేదే?”

నేను గొంతు సవరించుకుని అబద్ధం వెతుక్కుంటున్నాను. ఆయన నాకంటే ముందే అన్నారు: “అది నేను తవ్వినాను తల్లీ, కుంకుడు రసంతో.”

దొరసానమ్మ నవ్విన నవ్వుకు స్టూడియో తెరలు ఊగాయి. అయ్యగారు కుర్చీలో కూలబడి, అప్పుడు వదిలారు పొద్దుటి ఊపిరి.

అప్పట్నించీ పాడైన నెగెటివు ఎవరు తెచ్చినా, ముందు తలుపేసి, మంచినీళ్లిచ్చి, ఏం చేశారో మెల్లగా అడుగుతాను. నిజం బయటికొస్తే సగం పని అయినట్టే. నవ్వడం మాత్రం వాళ్లు వీధి మలుపు తిరిగాకే.