మారు వడ్డన లేని భోజనం

శనివారం తెల్లవారి ఆరింటికి కడప బస్టాండులో కర్నూలు బస్సెక్కాం. నాయన, మా ఆయన, నేను. రెండువేల ఆరో, ఏడో. ఎండలింకా ముదరని మాఘమాసం. రెండు రోజులు సెలవు కలిసొస్తే జనం తిరుపతికో, శ్రీశైలానికో పోతారు. మేం భోజనానికి పోయాం. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

కర్నూలు పొలిమేరలో కొత్తగా కట్టిన ఒక హోటల్లో, బెంగుళూరు నుంచి వచ్చిన వంటమాస్టరు శనివారం సాయంత్రాలు ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు వంతుల భోజనం పెడుతున్నాడని, దాన్ని టేస్టింగ్ మెనూ అంటారని మా కాలేజీలో తోటి లెక్చరరు చెప్పింది. వినగానే నాకు మా లచ్చుమత్త గుర్తొచ్చింది.

అత్త మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. బద్వేలులో బట్టలంగడి వాళ్ళింటి కోడలు. మా వైపు పెళ్ళిళ్ళలో ఒక పద్ధతుంది. బంతి ముగిసేముందు ఇంటి యజమాని తానే పళ్ళెం పట్టుకొచ్చి, ఆ ఇంట పుట్టిన ఆడబిడ్డ ఆకు ముందు నిలబడి, ఆమె వద్దువద్దంటున్నా ఇంకో ఓళిగ వేయాలి. బొబ్బట్లనే మేం ఓళిగలంటాం. నా పెళ్ళిలో నాయన వియ్యంకుడితో మాట్లాడుతూ అత్త ఆకు దాటిపోయాడు. అత్త సగంలో లేచి, "మా అన్న ఇంట్లో ఇంగ చెయ్యి కడగను" అంది. అన్న మాట ఇరవై ఏళ్ళు నిలబెట్టుకుంది. ప్రతి శుభకార్యానికీ వచ్చేది, నడుం విరిగేలా చాకిరీ చేసేది. అందరూ తినేవేళకు మాత్రం అరుగు మీద కూర్చుని, బద్వేలు నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పేది. నీళ్ళు కూడా తన చెంబువే.

నాయన ఎన్నడూ బతిమాలలేదు. మగవాళ్ళకు ఆ విద్య రాదు. కానీ ఆ యేడు గుండెకు మందులు మొదలయ్యాక ఒకరోజు, "నేను పోయేలోగా లచ్చుమి నా పక్కన కూచొని ఒక పూట తింటాదో లేదో మే" అన్నాడు.

నా ఎత్తు ఇదీ: హోటలు ఎవరి ఇల్లూ కాదు. ఎవరి ప్లేటు వాళ్ళ ముందుకు వస్తుంది. వడ్డించే యజమానే లేకపోతే మరచిపోయేవాడూ ఉండడు.

ఏడు దాటాక మైదుకూరులో, ముందే అనుకున్నట్టు బద్వేలు నుంచి వచ్చి అత్త ఎక్కింది, చేతిలో డబ్బాతో.

"అదెందుకత్తా?"

"దావలో ఆకలయితే మీ నాయన పెడతాడా?"

ముందు సీట్లో నాయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

"హోటలు మీ అన్నది కాదు. బిల్లు నేను కడతాండా. నాతో వాదించి గెలవలేవత్తా."

"ఆ నోరు యాడిదనుకున్నావు? నాదే కదమ్మే!"

ఆళ్ళగడ్డ దాకా మా పక్కన కూర్చున్న రైతు అంతా విని, "అన్నం తినేదానికి కర్నూలు దాకా పోతాండారా? మీ తట్టు వానలు శానా పడినట్టుండాయే!" అన్నాడు. మా ఆయన ఒక్కడే నవ్వాడు.

నంద్యాలలో బస్సు పావుగంట ఆగింది. ఇడ్లీ బాగుంది, చట్నీ జోలికి పోకండి. పదకొండున్నరకు కర్నూలు. బస్టాండు దగ్గర లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం, శుభ్రంగానే ఉన్నాయి. సాయంత్రం కొండారెడ్డి బురుజు నీడలో అన్నాచెల్లెళ్ళు చెరో రాయి మీద కూర్చున్నారు. చిన్నప్పుడు మా తాత సరుకు కోసం కర్నూలు వస్తూ ఇద్దర్నీ తెచ్చేవాడట. "ఈడ్నే ఒక దోశె తెంపి ఇద్దరం తిన్యాం" అని అత్త గోడతో చెప్పింది. "పెద్ద ముక్క నీకే ఇచ్చినా" అని నాయన ఇంకో గోడతో అన్నాడు.

ఏడింటికి హోటలు. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, పళ్ళేలు మాత్రం చేటంత. వాటి నడుమ మొదట చెంచాడు బొరుగుల ఉగ్గాని, గోరంత బజ్జి. తర్వాత గుక్కెడు చారు. తర్వాత అరచేతిలో సగం జొన్నరొట్టె, ఒక్కటంటే ఒక్క గుత్తివంకాయ. ఉసిరికాయంత సంగటి, పక్కన చుక్క ఊరిబిండి పచ్చడి.

"ఇది బొమ్మరిల్లు వంట మాదిరుండాదే" అంది అత్త. కానీ తింటోంది! డబ్బా లాడ్జిలోనే వదిలేసి వచ్చింది. రుచి మాత్రం ఎదురు చెప్పలేనిది. చెప్పడానికి నేను ప్రయత్నించాను కూడా. నాయన తినడం మాని చెల్లెల్నే చూస్తున్నాడు.

ఆఖరున ఓళిగ వచ్చింది. రూపాయి బిళ్ళంత. అత్త ఒక్క ముద్దలో తినేసి, చెయ్యి పళ్ళెంలోనే ఉంచి కూర్చుంది. వంట బయటిదైనా అత్త కళ్ళు నా పెళ్ళి బంతిలోనే ఉన్నాయి. వడ్డించే కుర్రాడు వచ్చి పళ్ళెం తీయబోయాడు.

"మారు యాడప్పా?" అన్నాడు నాయన.

"మారు ఉండదు సార్. మనిషికి ఒకటే."

"ఉండకపోతే ఎట్లా? ఆడబిడ్డ కూచోనుండాది."

అని లేచి, పంచె సర్దుకుని, నేరుగా వంటింట్లోకి నడిచాడు. లోపల ఏం గొడవైందో తెలీదు. బయటికి వచ్చేటప్పటికి ఒక చేతిలో ఓళిగల పళ్ళెం, ఇంకో చేతిలో నేతిగిన్నె. వచ్చి అత్త పక్కన నిలబడ్డాడు.

"ఏసుకో మే."

"వద్దన్నా."

"ఏసుకో."

"వద్దంటాండా కదన్నా, కడుపు నిండింది."

ఏడు వంతుల్లో పిడికెడు తిన్న మనిషి! నాయన వినకుండా మూడు వేసి నెయ్యి పోశాడు. అత్త తలెత్తలేదు. మూడూ తింది. పక్క బల్లల వాళ్ళు చూస్తుంటే, "మీక్కూడా కావల్నా?" అని కసిరాను.

ఆ మెనూ ఎక్కువ కాలం నడవలేదని తర్వాత విన్నాను. నాయనా ఇప్పుడు లేడు. అంత గొప్ప వంటకు కొసరి పెట్టే మనిషి లేకపోవడమే లోటని నా అభిప్రాయం, ఎవరైనా వాదనకు రావచ్చు.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు బస్సు. అన్నాచెల్లెళ్ళు ఒకే సీట్లో కూర్చుని, దోశె పెద్ద ముక్క ఎవరిదో తేల్చుకోలేక నంద్యాల దాటించారు. పొద్దు వాలుతుంటే మైదుకూరు వచ్చింది. బద్వేలు బస్సు అక్కడే మారాలి.

"అత్తా, మైదుకూరు" అన్నాను.

"కండ్లుండాయిలే నాకు."

కదల్లేదు. కండక్టరు వచ్చి, "అవ్వా, నీ టికెట్టు ఈడికే. దిగవా?" అన్నాడు.

అత్త నాయన వైపు చూడకుండానే చెంగు ముడి విప్పింది.

"కడపకు ఒకటి కొట్టప్పా. మా అన్న ఇంట్లో అన్నం తిని పోతా."