అత్తయ్యగారి ఇనుప చక్రాల ట్రాక్టరు

మొన్న తాడేపల్లిగూడెంలో ఎవరో పాత ట్రాక్టరును బాగుచేయించి స్టార్టు చేశారు. కిరసనాయిలు పొగ గుప్పున ముక్కుకు తగలగానే దగ్గుతూనే నవ్వేశాను. మా అత్తయ్యగారు గుర్తుకొచ్చారు.

పంతొమ్మిది వందల ముప్పైలలో నేను భీమడోలు దగ్గర ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి మామగారు లేరు. మావారికి ఏలూరులో ఉద్యోగం. కొల్లేటి అంచున ఉన్న పొలమంతా అత్తయ్యగారే చూసుకునేవారు. ఆ ఏడు గాలికుంటు రోగం తగిలి మా ఎడ్లన్నీ కూలబడ్డాయి. నీరు దిగిన చేలు గట్టిపడేలోపు దున్నకపోతే ఇక మినుము మాట మరిచిపోవలసిందే. ఆవిడ ఎవరినీ అడగకుండా ఒక ఎస్టేటువాళ్ళు మూలన పడేసిన ఇనుప చక్రాల ట్రాక్టరు కొని తెచ్చారు.

అది పెట్రోలుతో స్టార్టయి, ఇంజను బాగా వేడెక్కాక కిరసనాయిలు మీద నడవాలి. కొల్లేటి చలిగాలికి అది వేడెక్కితేగా! కిరసనాయిలు కుళాయి తిప్పగానే దగ్గి ఆగిపోయేది. గట్టు మీద జనం నవ్వేవారు. వాళ్ళతోపాటు ఆవిడా నవ్వి, మళ్ళీ ఇంజను తిప్పే హేండిలు పట్టుకునేవారు. చేలేమో ఆరిపోతున్నాయి.

ఒక ఉదయం నావైపు తిరిగి, "అమ్మాయ్, చలేస్తే మనమేం చేస్తాం?" అన్నారు.

"దుప్పటి కప్పుకుంటామండీ."

"మరి దీనికి కప్పమేం?"

ఇద్దరం కలిసి రేడియేటరు ముందు గోనెపట్టా కట్టాం. ఇంజను వేడెక్కింది. కుళాయి తిప్పారు. ఒక్కసారి తడబడి, ఆపైన గుండె నిబ్బరంగా కొట్టుకున్నట్టు నడిచింది. వెనక నల్లమట్టి తిరగబడుతుంటే కొంగలు గుంపుగా వాలాయి. నేను చప్పట్లు కొట్టాను.

తరువాత వచ్చిన ట్రాక్టరు కంపెనీ ఏజెంటు ఆ పట్టా చూసి, "కొత్త ఇంజన్లకు ఇలా కప్పడానికి కంపెనీవాళ్ళే తెర ఇస్తున్నారండీ" అన్నాడు. "మన గోనెపట్టా కబురు వాళ్ళదాకా ఎవరు మోశారో!" అని ఆవిడ విరగబడి నవ్వారు.

ఆ సాయంత్రమే ట్రాక్టరు దిగి, "ఎక్కమ్మాయ్. పై చేను నీదే" అన్నారు.

"నాకు రాదండీ అత్తయ్యగారూ!"

"నాకు మాత్రం పుట్టగానే వచ్చిందా?"

గట్టు వెంట ఇంటికి వెళ్ళిపోయారు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. నేను దున్నిన చాళ్ళు పాముల్లా మెలికలు తిరిగాయి. మర్నాడు వాటిని చూసి, "మొక్కలకు వంకర తెలీదులే" అని విత్తనాలు చల్లించేశారు. ఆ ఏడు పై చేను కూడా నిండుగా కాసింది.

ఇప్పటికీ ఏదైనా కొత్త పని చూసి నాకు చేతకాదనబోతే, గట్టు మీద నిశ్చింతగా నడిచిపోతున్న ఆ వీపు కళ్ళముందు మెదులుతుంది. చీరకొంగు బిగించి పనిలోకి దిగుతాను.